పిల్లల చేతిలో మొదటి రైఫిల్: తన్నని తుపాకీ ఎందుకు కావాలి?

పిల్లలకి రైఫిల్ షూటింగ్ నేర్పడం. ఈ రోజు టాపిక్ ఇదీ. కర్నూలులో గానీ కడపలో గానీ ఇంట్లో ఈ మాట అన్నారనుకోండి, "చదువుకోరా అంటే తుపాకీ అంటాండాడు" అని అమ్మ మొదలుపెడుతుంది. తప్పు ఆమెది కాదు. సీమ అంటే సుమోలు, నాటుబాంబులు అని సినిమాలు అంతగా ఎక్కించేశాయి. అందుకే ఈ సబ్జెక్ట్‌ని కథల్లోంచి బయటికి తీసి, లెక్కల్లో చూద్దాం.

మొదటి ప్రశ్న: తుపాకీ వెనక్కి ఎందుకు తంతుంది? హైస్కూల్లో చదువుకున్న న్యూటన్ మూడో నియమమే. గుండు ముందుకి పోతే రైఫిల్ వెనక్కి వస్తుంది. ఎంత వేగంతో? గుండు బరువుని దాని వేగంతో గుణించి, రైఫిల్ బరువుతో భాగించండి.

మన పోలీసుల చేతుల్లో ఏళ్ళ తరబడి చూసిన త్రీ నాట్ త్రీ తీసుకుందాం. గుండు 11 గ్రాములు, వేగం సెకనుకు 740 మీటర్లు, రైఫిల్ 4 కిలోలు. గుండు లెక్క ఒక్కటే వేసినా రైఫిల్ సెకనుకు 2 మీటర్ల వేగంతో భుజాన్ని గుద్దుతుంది. మందు కాలి వచ్చే గ్యాస్ తోపుడు దీనికి అదనం. ఎన్‌సీసీ క్యాడెట్లు వాడే పాయింట్ టూ టూ తూటాకి అదే లెక్క వేస్తే సుమారు 20 సెంటీమీటర్లు. అర గ్రాము పెల్లెట్‌ని వదిలే ఎయిర్ రైఫిల్‌కి 2 సెంటీమీటర్లు. అంటే మొదటిదానికీ చివరిదానికీ వంద రెట్లు తేడా.

దీనివల్ల భుజం నొప్పి ఒక్కటే సమస్య అనుకోకండి. అసలు దెబ్బ మెదడుకి తగులుతుంది. ఒక్కసారి గట్టిగా తన్ని, చెవి గింగురుమంటే, తర్వాతి సారి పిల్లాడు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసేస్తాడు, భుజం బిగపడతాడు. ఇంగ్లీషులో దీన్ని ఫ్లించ్ అంటారు. మనమైతే జంకు అంటాం. సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే, మొదటి రోజే కోడ్‌లోకి దూరిన బగ్ ఇది. ఎంత ఆలస్యంగా పట్టుకుంటే తీయడం అంత కష్టం.

అమెరికాలో కొంతమంది తండ్రులు దీనికి ఒక దారి వెతుక్కున్నారు. వాడేసిన ఇత్తడి తొడుగు తీసుకుని, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తగ్గించి, తేలిక గుండు బిగించి, తక్కువ తన్నే తూటా ఇంట్లోనే తయారు చేసుకుంటారు. హ్యాండ్‌లోడింగ్ అంటారు దాన్ని. అక్కడ అది పాత అలవాటు, దానికి పుస్తకాలు, కొలత పట్టికలు ఉన్నాయి.

మరి మనమూ చేద్దామా? వద్దు. ఎందుకో రెండు కారణాలు.

ఒకటి చట్టం. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష కనీసం 7 ఏళ్ళు, యావజ్జీవం దాకా పోవచ్చు. "మా పిల్లాడి కోసం సార్" అంటే స్టేషన్లో ఎవరూ వినరు.

రెండోది ప్రాణం. మందు తగ్గిస్తే రిస్క్ తగ్గుతుందనుకుంటాం. కానీ మరీ తగ్గితే గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుపోవచ్చు. అది గమనించక ఇంకోటి పేలిస్తే గొట్టమే పగులుతుంది. అంచనాతో మందు వేయడం ఎట్లుంటుందో మన దగ్గర తెలీనిది కాదు. అడవి పందుల నుంచి శనక్కాయ చేను కాపాడుకోవడానికి నాటు తుపాకీలో మందు, గుడ్డపీలికలు, సైకిల్ బేరింగ్ గుండ్లు కూరడం పల్లెల్లో విన్న సంగతే. అది లైసెన్స్ లేని ఆయుధం, పైగా పందికీ మనిషికీ తేడా చూడదు. అటువంటిది పిల్లలకి పాఠం కాకూడదు.

అయితే దారేంటి? మందు తగ్గించడం కాదు, అసలు మందే లేకుండా చేయడం. అదే ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జూళ్ళ లోపు శక్తి ఉన్నవాటికి 2016 ఆయుధాల రూల్స్ ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే రైఫిల్ శక్తి 7, 8 జూళ్ళే. ఇక్కడొక మెలిక ఉంది. గొట్టం విరిచి లోడ్ చేసే స్ప్రింగ్ రకం తక్కువ ధరకి దొరుకుతుంది, కానీ లోపల పిస్టన్ కదలికకి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. గాలి నింపిన సిలిండర్ రకానికి ఆ ఊపు దాదాపు ఉండదు. ఖరీదు ఎక్కువ కాబట్టి, మొదట కొనకండి. రేంజ్‌లో వాళ్ళ రైఫిల్‌తోనే నేర్పించండి. చిన్న పిల్లలకి బరువు మోయకుండా స్టాండ్ అడగండి.

ఎయిర్ రైఫిల్ అంటే బొమ్మ తుపాకీ కదా అనొద్దు. గగన్ నారంగ్ హైదరాబాద్‌లో పెరిగాడు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే. అదే ఈవెంట్‌లో హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో బంగారం కొట్టాడు. 10 మీటర్లంటే క్రికెట్ పిచ్‌లో సగం. అంత దూరం నుంచి కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు.

పెల్లెట్ చిన్నదే గానీ కంట్లో పడితే చూపు పోతుంది. కాబట్టి నాలుగు రూల్స్: గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు. కళ్ళద్దాలు తప్పనిసరి. సీసం పెల్లెట్లు ముట్టుకున్నాక చేతులు కడగాలి, ఆ తర్వాతే అన్నం.

పిల్లాడు కళ్ళు తెరిచి ట్రిగ్గర్ నొక్కగలిగితే మొదటి పాఠం అయినట్టే, స్కోరు తర్వాత చూసుకోవచ్చు. సీమలో తుపాకీ అంటే భయమో, గొప్పో రెండే ఉన్నాయి. మూడోది క్రమశిక్షణ. దాన్ని పిల్లలకి మనమే చూపించాలి. ఉంటాను ఫ్రెండ్స్, ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.