సిగ్నల్ లేని దారిలోనూ దారి చూపే జి.పి.ఎస్.
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ద్విచక్ర వాహన చోదకులకు అందుబాటులో ఉన్న చవకైన మార్గాలు

ఉత్తరాంధ్రలో మారుమూల గ్రామానికి ముందుగా చేరే వాహనం మోటారు సైకిలే. ఆరోగ్య కార్యకర్త, విద్యుత్ లైన్‌మన్, తపాలా ఉద్యోగి, పంట నష్టం నమోదుకు వెళ్లే సిబ్బంది, విలేకరి తదితరులు అత్యధికంగా ఆధారపడేది దీనిపైనే. రహదారి సౌకర్యం లేని గిరిజన గూడేల నుండి రోగులను 108 వాహనం ఆగే చోటికి చేర్చేందుకు 2018లో రాష్ట్రంలోని గిరిజన ప్రాంతాలలో 122 ఫీడర్ అంబులెన్సులను ప్రవేశపెట్టారు. అవి కూడా మోటారు సైకిళ్లే. ఇటువంటి ప్రయాణాలలో దారి తప్పడం వల్ల కోల్పోయే అరగంట ఒక గర్భిణి ప్రాణానికే ముప్పు తేగలదు. ఈ నేపథ్యంలో తక్కువ ఖర్చుతో జి.పి.ఎస్. సదుపాయాన్ని వినియోగించుకునే విధానాన్ని తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది

సెల్‌ఫోన్ సిగ్నల్ లేనిచోట జి.పి.ఎస్. పనిచేయదన్నది చాలామందిలో ఉన్న అపోహ. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించే ఉపగ్రహాల నుండి వచ్చే సంకేతాలను ఫోన్ కేవలం స్వీకరిస్తుంది. కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందితే తానున్న స్థానాన్ని గణిస్తుంది. ఇందుకు సిమ్ కార్డుగానీ, డేటాగానీ, రుసుముగానీ అక్కరలేదు. డేటా అవసరమయ్యేది పటం కోసం మాత్రమే. కాబట్టి పటాన్ని ముందుగానే ఫోన్‌లో భద్రపరచుకుంటే సీతంపేట కొండలలోనైనా, ఉద్దానం తోటలలోనైనా తానెక్కడ ఉన్నదీ చోదకుడు తెలుసుకోవచ్చు.

అయితే నెట్‌వర్క్ సాయం లేనప్పుడు తొలిసారి స్థానం గుర్తించడానికి కొంత వ్యవధి పడుతుంది. ఉపగ్రహాల పూర్తి పట్టిక ఆకాశం నుండి అందడానికే 12.5 నిమిషాలు కావాలి. అందువల్ల సిగ్నల్ ఉన్నచోటనే జి.పి.ఎస్.ను ప్రారంభించి బయలుదేరడం మేలు. ఇరుకు లోయలలోనూ, దట్టమైన చెట్ల కిందనూ స్థానం కొంత అటూ ఇటూగా చూపవచ్చు.

ఖర్చు లేని మార్గాలు

గూగుల్ మ్యాప్స్‌లో కావలసిన ప్రాంతాన్ని ఎంచుకొని ఆఫ్‌లైన్ పటంగా దింపుకోవచ్చు. 2017 డిసెంబరులో ఈ సంస్థ ద్విచక్ర వాహనాలకు ప్రత్యేక మార్గసూచిని మొదట భారతదేశంలోనే ప్రవేశపెట్టింది. 2004లో ఆరంభమైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ పటాల ఆధారంగా పనిచేసే ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మాండ్ యాప్‌లు కూడా ఉచితంగా లభిస్తున్నాయి. కాలిబాటలు, బండిదారులు ఎవరైనా నమోదు చేసి ఉంటే వీటిలో కనిపిస్తాయి. లేని దారిని చేర్చే అవకాశం స్థానికులకు ఉంది.

ఇంట్లో పక్కన పెట్టిన పాత స్మార్ట్‌ఫోన్‌ను సిమ్ లేకుండానే ఇందుకు కేటాయించడం మరొక మార్గం. మోటారు సైకిల్ ఇంజను ప్రకంపనల వల్ల ఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని 2021లో ఆపిల్ సంస్థ హెచ్చరించిన దృష్ట్యా, హ్యాండిల్‌కు కొత్త ఫోన్‌ను బిగించడం కంటే పాతదే నయం. గట్టి హోల్డర్, వాననీరు చొరని సంచి, బ్యాటరీకి అనుసంధానించే చార్జర్ ఉంటే చాలు.

ఊరి పేరు చాలదు

ఈ ప్రాంతంలో వలస, పేట, పురం అని ముగిసే పేర్లు అడుగడుగునా ఉన్నాయి. కొత్తూరు అన్న పేరుగల గ్రామాలు ఒకటికి మించి ఉన్నాయి. ఊరి పేరు టైపు చేసి బయలుదేరితే వేరొక మండలానికి చేరే ప్రమాదముంది. ఫోన్ చేసి పిలిచేవారు అక్షాంశ, రేఖాంశాలను చెప్పగలిగితే ఈ పొరపాటు జరగదు. శ్రీకాకుళం పట్టణం స్థూలంగా 18.3 ఉత్తర అక్షాంశం, 83.9 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. దశాంశ బిందువు తరువాత 4 అంకెలు చెబితే సుమారు 11 మీటర్ల లోపు, 5 అంకెలు చెబితే సుమారు ఒక మీటరు లోపు చోటును పటంపై సూచించవచ్చు. తపాలా శాఖ 2025లో ప్రవేశపెట్టిన డిజిపిన్ విధానంలో సుమారు 4 మీటర్ల గడికి 10 అక్షరాల సంకేతం లభిస్తుంది.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు విద్యుత్తు, సమాచార వ్యవస్థలు స్తంభించిపోయాయి. పునరుద్ధరణ పనులకు ఇతర జిల్లాల నుండి వచ్చిన సిబ్బందికి ఇక్కడి దారులు కొత్త. అటువంటి వేళ ముందుగా దింపుకున్న పటమే పనికివస్తుంది. తుఫాను హెచ్చరిక వెలువడిన రోజే క్షేత్రస్థాయి సిబ్బంది తమ పటాలను తాజాపరచుకోవడం ముందుచూపు అనిపించుకుంటుంది. అదే సమయంలో, వంశధార, నాగావళి వరదలో కాజ్‌వే మునిగిన సంగతి భద్రపరచిన పటానికి తెలియదు. ఆ ఊరివారిని అడిగి ముందుకు సాగడమే క్షేమం.

చట్టం ఏమంటోంది

2020 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర మోటారు వాహనాల నిబంధనల సవరణ ప్రకారం, వాహనం నడిపేటప్పుడు చేతి ఫోన్‌ను కేవలం మార్గం తెలుసుకునేందుకు, అదీ ఏకాగ్రతకు భంగం కలగని రీతిలో మాత్రమే వాడవచ్చు. ఫోన్‌ను చేత పట్టుకొని నడపడం ప్రాణాంతకం. గమ్యాన్ని బయలుదేరేముందే నమోదు చేసుకొని, సందేహం కలిగిన మలుపు వద్ద బండిని రోడ్డు పక్కన ఆపి చూసుకోవాలి. అందుకు పట్టేది ఒక్క నిమిషమే. సాయం కోసం ఎదురుచూస్తున్నవారి చెంతకు చోదకుడు క్షేమంగా చేరినప్పుడే ఏ సాంకేతిక పరిజ్ఞానమైనా సార్థకమవుతుంది.