గని గాలి లెక్కలు

సర్ స్టాఫర్డ్ క్రిప్స్ అనగానే 1942 మార్చిలో ఢిల్లీకి వచ్చి, ఏప్రిల్‌లో రిక్తహస్తాలతో తిరిగిపోయిన రాయబారి మనకు జ్ఞప్తికి వస్తారు. అంతకు ఎనిమిదేళ్ళ క్రితం మృతులైన గని కార్మికుల పక్షాన ఆయన వాదించిన వ్యవహారం మాత్రం మన దేశంలో అంతగా ప్రచారంలోకి రాలేదు.

క్రిప్స్ మొదట రసాయనశాస్త్ర విద్యార్థి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో సర్ విలియం రామ్సే వద్ద శిక్షణ పొంది, జినాన్ వాయువుపై వెలువడిన ఒక పరిశోధనా పత్రంలో భాగస్వామి అయ్యారు. 1913లో బారిస్టరయ్యారు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఉత్తర వేల్స్‌లోని క్వీన్స్‌ఫెర్రీ వద్ద పేలుడు పదార్థాల కర్మాగార నిర్వహణలో పాలుపంచుకొని ఆరోగ్యం చెడగొట్టుకున్నారు. తరువాత పేటెంటు వ్యాజ్యాలు ఆయనకు కీర్తినీ ధనాన్నీ తెచ్చిపెట్టాయి. నిపుణుణ్ణి నిపుణుడి భాషలోనే నిలదీయగల న్యాయవాదికి గిరాకీ ఉండటంలో వింతేముంది?

1934 సెప్టెంబరు 22, శనివారం. తెల్లవారుజామున రెండు గంటలు దాటింది. క్వీన్స్‌ఫెర్రీకి అట్టే దూరంలో లేని గ్రెస్‌ఫర్డ్ బొగ్గుగనిలో, డెనిస్ విభాగాన ఘోరమైన పేలుడు సంభవించింది. మధ్యాహ్నం జరిగే ఫుట్‌బాల్ పోటీ చూడాలన్న ఆశతో ఆ రాత్రి షిఫ్టుకు దిగినవారు అందులో అనేకులు. మొత్తం 266 మంది మరణించారు. మంటలు అదుపులోకి రాకపోవటంతో గనిని మూసివేశారు. పదకొండు మృతదేహాలు మాత్రమే వెలికి వచ్చాయి.

బిలాస్‌పూర్-కట్నీ మార్గంలో కోటా ఊరి స్టేషనైన కర్గీ రోడ్ మీదుగా సాగిపోయే బొగ్గు వ్యాగన్లను చూసేవారికైనా, మన సింగరేణి ప్రాంతం వారికైనా బొగ్గు అనగానే నల్లని మసి కళ్ళముందు మెదులుతుంది. గనిలోని అసలు శత్రువు కంటికి కనిపించదు, వాసన వేయదు. గాలిలో మీథేన్ సుమారు 5 నుంచి 15 శాతం వరకు చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. దానికి విరుగుడు ఒక్కటే: ఎడతెగని స్వచ్ఛమైన గాలి ప్రవాహం. ఆ ప్రవాహాన్ని కొలిచి పుస్తకంలో నమోదు చేయటం చట్టం విధించిన బాధ్యత.

గనుల ప్రధాన తనిఖీ అధికారి సర్ హెన్రీ వాకర్ ఎదుట విచారణ ప్రారంభమైంది. యజమానుల తరఫున హార్ట్‌లీ షాక్రాస్ నిలిచారు. తరువాతి కాలంలో న్యూరెంబర్గ్‌లో నాజీ నాయకులపై బ్రిటన్ తరఫున వాదించినది ఈయనే. కార్మికుల పక్షాన క్రిప్స్ ఫీజు తీసుకోకుండా వచ్చారు. ఆయన కన్నీటి కథలపై ఆధారపడలేదు. కొలతల పుస్తకాన్ని పట్టుకున్నారు. మేనేజరును సుదీర్ఘంగా క్రాస్ పరీక్ష చేశారు. విపత్తుకు ముందు కొన్ని వారాలపాటు కొలతలే తీయలేదనీ, పుస్తకంలోని అంకెలు తరువాత కల్పించి వ్రాసినవనీ సహాయ సర్వేయరు ఒప్పుకోవలసి వచ్చింది. గాలి ఆడిందని చెప్పిన సాక్ష్యమే గాలిలో కలిసిపోయింది!

అయినా ఫలితం స్వల్పమే. 1937లో వెలువడిన నివేదికలో వాకర్, ఆయనతో కూర్చున్న ఇద్దరు సలహాదారులు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. నిప్పు ఎక్కడ పుట్టిందో తేలలేదు. అదే సంవత్సరం కోర్టులో చాలా అభియోగాలు వీగిపోయి, రికార్డులకు సంబంధించినవి మాత్రమే రుజువయ్యాయి. విధించిన జరిమానా 140 పౌండ్లు. ఖర్చుల క్రింద మరో 350 పౌండ్లు. జరిమానాను మృతుల సంఖ్యతో భాగిస్తే తలకు పదిన్నర షిల్లింగులు.

గనిలో పని 1936లోనే తిరిగి మొదలైంది. 1973లో శాశ్వతంగా మూతబడింది. డెనిస్ విభాగాన్ని మళ్ళీ తెరవనేలేదు. 250 మందికి పైగా అక్కడే ఉండిపోయారు.