అడ్డ రాడ్డు లేని స్టీరింగ్

గాజువాక ఆటోనగర్‌లో మాస్సీ ఫెర్గూసన్ 35 వంశపు పాత ట్రాక్టరు ఏదైనా జాకీ మీద కనిపిస్తే, ఓసారి వంగి దాని ముందు ఇరుసు చూడండి. జీపుకీ లారీకీ ఉన్నట్టు రెండు చక్రాల్నీ కలిపే అడ్డ రాడ్డు ఉండదు. స్టీరింగ్ బాక్సుకి ఇరుపక్కలా చెరో డ్రాప్ ఆర్మ్, దాన్నుంచి ఇంజను పక్కగా సాగే చెరో డ్రాగ్ లింకు. స్టీరింగ్ తిప్పితే ఒక ఆర్మ్ ముందుకు తోస్తుంది, రెండోది వెనక్కి లాగుతుంది.

రెండు చక్రాలూ సమానంగా తిరగాలి కదా అని పని నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. తిరగకూడదు. మలుపులో లోపలి చక్రానిది చిన్న వలయం, బయటిదానిది పెద్దది. కేంద్రం మాత్రం రెంటికీ ఒకటే, అదీ వెనక ఇరుసు గీతను పొడిగిస్తే దాని మీదే పడాలి. ఇరుసుల మధ్య 1.8 మీటర్లు, ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్నుల మధ్య 1.2 మీటర్లు అనుకుని లెక్క కట్టండి: లోపలి చక్రం 40 డిగ్రీలు తిరిగితే బయటిది 28 డిగ్రీల దగ్గరే ఆగాలి. రెండూ 40 తిరిగాయంటే టైరు సాఫీగా దొర్లకుండా మట్టిని పక్కకు ఈడుస్తుంది.

చక్రాలు ఇలా వేర్వేరు కోణాల్లో తిరిగే ఏర్పాటును అకర్మన్ స్టీరింగ్ అంటారు గానీ, కనిపెట్టింది మ్యూనిక్‌లో గుర్రబ్బళ్లు చేసే లాంకెన్‌స్పెర్గర్. లండన్‌లో ఆయన తరఫున 1818లో పేటెంటు తీసుకున్న పుస్తకాల వ్యాపారి అకర్మన్‌కి పేరు దక్కింది. అంతకు చాలా ముందే చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ తన బండికి ఇలాంటిదే ఆలోచించాడు, పేటెంటు జోలికి మాత్రం పోలేదు.

నాకు ముచ్చటేసేది ఈ ట్రాక్టర్ల వంశానికి మూలపురుషుడు హ్యారీ ఫెర్గూసన్ తెలివి. సాళ్ల ఎడాన్ని బట్టి రైతు ముందు చక్రాలను దగ్గరికో దూరానికో జరుపుకోవాలి. అడ్డ రాడ్డుంటే జరిపిన ప్రతిసారీ దాని పొడవూ మార్చాలి. 1946లో వచ్చిన ఆయన టీఈ 20 ట్రాక్టరులో ముందు ఇరుసు మూడు ముక్కలుగా ఉంటుంది, చివరి రెండూ కాస్త వెనక్కి వాలి ఉంటాయి. డ్రాగ్ లింకు బయటికి ఏటవాలుగా పోతుంది. ఇరుసు ముక్క దానికి దాదాపు లంబంగా జరుగుతుంది. కంపాస్ ముల్లు చుట్టూ పెన్సిలు కొద్దిగా కదిలినట్టే, దూరం మారదు. బోల్టులు విప్పి చక్రం జరిపినా లింకు ముట్టుకోనక్కర్లేదు!

తర్వాతి కథ తెలిసిందే. అంతకుముందు ట్రాక్టర్ల తయారీకి ఫోర్డుతో కేవలం చేయి కలిపి పెట్టుకున్న ఒప్పందం కోర్టుకెక్కి, 1952లో 92.5 లక్షల డాలర్లతో తేలింది. మరుసటేడు ఫెర్గూసన్ కంపెనీ మాస్సీ హారిస్ కంపెనీలో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ మొదలై మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు మన దేశంలోనే తయారయ్యాయి.

ఇక మరమ్మతు సంగతి. అనకాపల్లి చెరకు లోడుతో చక్కెర ఫ్యాక్టరీ దాకా గోతుల్లో తిరిగే బండికి ముందు పోయేవి లింకుల చివర ఉండే బాల్ జాయింట్లు. రబ్బరు తొడుగు చిరిగితే మట్టి లోపలికెళ్లి గ్రీజుతో కలిసి ఉక్కును అరగదీస్తుంది. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే మరొకరు ఒక్కో జాయింటు మీద చెయ్యి వేసి ఉంచాలి. అరిగినచోట టక్కుమని వేలికి తగులుతుంది. దాన్ని మార్చాక స్టీరింగ్‌ని సరిగ్గా నడిమధ్యకు తెచ్చి, రెండు లింకుల పొడవునూ విడివిడిగా సరిచూడాలి. అడ్డ రాడ్డు లేదు కాబట్టి ఒక పక్క తప్పును రెండో పక్క సర్దదు. జాయింటు నట్టుకి పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వేయొద్దు. వంగిన డ్రాప్ ఆర్మ్‌ని కాల్చి కొట్టించడం, విరిగినదాన్ని వెల్డింగ్ చేయించడం అసలే వద్దు, కొత్తది కొనండి.