ఎత్తున సగము, చేనున సగము

క్షేత్రగణితము బడిపిల్లలను బాధించుటకే పుట్టినదని తలచువారు పెక్కురు కలరు. ముప్పదియైదేండ్లు పలకలమీద త్రిభుజములు గీయించినవాడను. ఆ యపవాదమున నాకును కొంత పాలు కలదు. కాని త్రిభుజ మెఱుంగక అర యెకరము పోగొట్టుకొన్నవాని నొకని నేనెఱుగుదును.

మా గ్రామమున ఇరువు రన్నదమ్ములకు త్రిభుజాకారమగు చేను కలదు. కాలువ వెంబడి పొడవు 121 గజములు. దీనినే శాస్త్రకారులు 'భూమి' యందురు. అచ్చటినుండి ఎదుటి కొనకు లంబము 160 గజములు. భూమిని లంబముచే గుణించి సగము చేసినచో 9,680 చదరపు గజములు, అనగా సరిగా రెండెకరములు.

పంపకమునకు వచ్చిన పెద్దలు లంబమున 80 గజములకడ అడ్డగట్టు వేయించిరి. కాలువప్రక్కది అన్నకు, కొనది తమ్మునికి. ఎత్తు సగమైనది గదా, చేనును సగమే యని అందఱును సమ్మతించిరి. ఎత్తుతోపాటు వెడల్పును సగమైనదని యెవరికిని తోచలేదు! కొనముక్కకు భూమి 60½ గజములు, లంబము 80. వైశాల్యము 2,420 చదరపు గజములు, అనగా అర యెకరమే. అన్నకు ఒకటిన్నర యెకరము దక్కెను. దీర్ఘచతురస్రమగు మడియైనచో పెద్దల లెక్క సరియే. వారు మడికి చెల్లు న్యాయమును త్రిభుజమునకు అంటగట్టిరి. తమ్ముడు మూడేండ్లు విత్తనములను, ఎరువును, తుదకు తన జాతకమును నిందించుకొనెను.

అడ్డగట్టే కావలెనన్నచో దానిని కొననుండి 113 గజముల దూరమున వేయవలెను. ఆ లెక్కకు వర్గమూలము కావలెను. అంత శ్రమ యేల? కాలువవెంబడి భూమిని సరిగా నడిమికి గుర్తించి, అచ్చటినుండి కొనకు త్రాడు పట్టిన చాలును. రెండు ముక్కలకును భూమి 60½, లంబము 160, చెరియొక యెకరము. కాలువనీరును ఇరువురకు నందును. ఒక ముక్క వాలినట్లును, దాని గట్టు పొడవైనట్లును తోచవచ్చును. గట్ల పొడవును బట్టి వైశాల్యము నిర్ణయింపరాదు. లంబమో కర్ణమో తెలుపక, నాలుగు భుజములు మాత్రమే చెప్పి చతుర్భుజ వైశాల్యము నడుగువానిని భాస్కరాచార్యులు లీలావతిలో పిశాచమని యధిక్షేపించిరి. పండితుల కోప మట్లుండును!

నేను గొలుసుతో కొలిచి చూపిన పిమ్మట అన్న మూడు దినములు నాతో మాటాడలేదు. నాలుగవనాటి యుదయమున తానే పార భుజమున వేసికొని పాతగట్టు కడకు వచ్చెను.