గాలి ఊదు యంత్రములు: టర్బో చార్జరా, సూపర్ చార్జరా?

కమ్మరి కొలిమిలో ఎన్ని బొగ్గులు పోసినను తిత్తి ఊదనిదే ఇనుము ఎఱ్ఱబడదు. మోటారు ఇంజను సంగతియు ఇంతే. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగ కాలవలెనన్నచో తూకమున సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. పెట్రోలును ఎంతయైనను పంపవచ్చును, గాలిని పంపుటయే కష్టము. పిస్టను క్రిందికి దిగునపుడు బయటి వాయుపీడనము ఎంత గాలిని లోనికి నెట్టునో సామాన్యపు ఇంజను అంతటితోనే తృప్తిపడవలెను. గాలిని బలవంతముగ లోనికి నెట్టి, అదే సిలిండరులో హెచ్చు పెట్రోలును మండించి, హెచ్చు శక్తిని రాబట్టు సాధనములు రెండు గలవు. ఒకటి సూపర్ చార్జరు, రెండవది టర్బో చార్జరు. వేగపు కార్లను కట్టువారును, కొనువారును ఈ రెంటిలో ఏది మేలని నేటికిని వాదించుచునే యున్నారు. ఆ వాదములోని సారమెట్టిదో పరిశీలింతము.

సూపర్ చార్జరు వయస్సున పెద్దది. అమెరికాలో ఇండియానా రాష్ట్రమునందలి కానర్స్‌విల్ అను ఊర రూట్స్ సోదరులు 1860లో పేటెంటు పొందిన గాలిపంపు మొదట కొలుములకును గనులకును గాలి పంపుటకు పనికివచ్చినది. ఆ వంశమునకు చెందిన పంపులే తరువాత కారు ఇంజనుల మీదికి ఎక్కినవి. 1921లో బెర్లిన్ ప్రదర్శనములో మెర్సిడెస్ వారు ఇట్టి కార్లను చూపిరి. ఈ పంపును త్రిప్పునది ఇంజనే. క్రాంకు షాఫ్టు నుండి ఒక బెల్టో, పళ్లచక్రములో దానిని త్రిప్పుచుండును. ఇంజను ఎంత వేగముగ తిరిగిన పంపును అంతకు తగినట్లే తిరుగును గనుక, యాక్సిలరేటరు మీద పాదము మోపిన క్షణముననే బలము అందును. అయితే ఈ సేవకు కూలి ఇంజనే ఇచ్చుకొనవలెను. పెద్ద ఇంజనులపై ఆ కూలి పదుల కొలది అశ్వశక్తి యగును. దానికి పెట్రోలు పోయువారము మనమే.

టర్బో చార్జరు ఈ కూలిని తప్పింపవలెనని పుట్టినది. ఇంజనులో కాలిన పెట్రోలు శక్తిలో ఇంచుమించు మూడవ వంతు వేడిపొగగా వెలికి పోవుచున్నది. ఆ పొగ చేతనే ఒక చిన్న చక్రమును త్రిప్పించి, అదే ఇరుసు రెండవ కొనకు గాలిని నొక్కు చక్రమును తగిలించిన ఎట్లుండునని స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి ఆలోచించి 1905లో పేటెంటు పుచ్చుకొనెను. పారవేయు వస్తువుతో పని జరుగుచున్నది. దీనిని బొత్తిగా ఉచితమని కొందరందురు గాని, అది సరికాదు. పొగదారిలో చక్రము అడ్డు నిలుచుటచే పిస్టను ఆ పొగను కొంత బలముగ నెట్టవలసివచ్చును. అయినను మొత్తము మీద లాభమే. చిక్కు వేరొకచోట నున్నది. బాగుగ పనిచేయునపుడు ఈ చక్రములు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. మెల్లగ పోవుచున్న కారులో పొగ స్వల్పము. పాదము నొక్కిన పిదప పొగ హెచ్చవలెను, చక్రము వేగమందుకొనవలెను, గాలి సిలిండరుకు చేరవలెను. అటు తరువాతనే బలము వచ్చును. ఈ జాగునే ఇంగ్లీషున టర్బో లాగ్ అందురు.

ఇది మాకు పుస్తకములలో కన్న శ్రీశైలము ఘాటులో బాగుగ తెలిసినది. దోర్నాల దాటి పైకెక్కుచు, టర్బో డీజిలు కారులో ఒక లారీని దాటబోయితిమి. మలుపు తిరిగి తిన్నని దారి కొద్దిగ కనబడగనే డ్రైవరు పాదము నొక్కినాడు. కారు కదలినట్లే యుండి కదలలేదు. రెండు సెకనులే కాబోలు, లారీ చక్రముల ప్రక్కన అవి చాల దీర్ఘముగ తోచినవి. పిమ్మట వెనుక నుండి ఎవరో త్రోసినట్లు కారు ముందుకు దూకినది. గేరు ముందే తగ్గించియుండిన ఆ జాగు అంతగా ఉండెడిది కాదని అతడే తరువాత ఒప్పుకొనెను.

కొండదారి మలుపులలో అట్టి సెకనుల వెల యెంతయో 1983 నాటి ప్రపంచ ర్యాలీ పోటీలలో కానవచ్చును. జర్మనీకి చెందిన ఆడి క్వాట్రో కారుకు టర్బో చార్జరు, నాలుగు చక్రములకును ఇంజను బలము. ఇటలీకి చెందిన లాన్సియా 037 కారుకు సూపర్ చార్జరు, బలము వెనుక చక్రములకు మాత్రమే. అశ్వశక్తిలో ఆడిదే పైచేయి. కాని లాన్సియా తేలిక, పైగా మలుపు మధ్యలో పాదము కదపిన వెంటనే ఇంజను పలుకును. ఆ యేడు మాంటీ కార్లోలో లాన్సియా కార్లే మొదటి రెండు స్థానములు గెలిచినవి. వాల్టర్ రోల్ మొదటివాడు, మార్కు ఆలెన్ రెండవవాడు. కార్సికా ద్వీపపు మెలికల తారుదారులలో మొదటి నాలుగు స్థానములును లాన్సియావే. స్వీడన్ మంచులో మాత్రము ఆడి కార్లకు తిరుగులేకపోయినది. చివరకు తయారీదారుల బిరుదు లాన్సియాకును, డ్రైవరు బిరుదు ఆడి నడిపిన హాను మిక్కోలాకును దక్కినవి.

ఈ విజయమంతయు సూపర్ చార్జరుదే యనుట మాకు సమ్మతము కాదు. తేలికదనము, తారుదారి, డ్రైవరుల నేర్పు అన్నియు అందులో పాలు పంచుకొన్నవి. మరుసటి యేడు 1984లో రెండు బిరుదులును ఆడివారికే పోయినవి. అప్పుడు లాన్సియా ఇంజనీరులు చేసినదేమి? 1985లో వచ్చిన డెల్టా ఎస్4 కారులో రెండు యంత్రములను కలిపి బిగించిరి. తక్కువ వేగమున సూపర్ చార్జరు, ఎక్కువ వేగమున టర్బో చార్జరు. ఆ నవంబరులో బ్రిటనునందు మొదటి పోటీలోనే హెన్రీ టోయివోనెన్ దానిని గెలిపించెను. 1986 మే 2వ తేదీన కార్సికాలో అదే కారులో అతడును, సహచరుడు సెర్జియో క్రెస్టోయు లోయలో పడి మరణించిరి. ఆ యేటితో అంతటి బలముగల గ్రూప్ బి తరగతినే ప్రపంచ పోటీల నుండి తొలగించిరి.

ఇక నేటి స్థితి. జాగును తగ్గించుటకు ఇంజనీరులు చాల పాటుపడిరి. 2006లో పోర్షే వారు పొగదారి రెక్కల కోణమును మార్చుకొను టర్బోను తమ పెట్రోలు కారు 911 టర్బోలో పెట్టిరి. 2022లో మెర్సిడెస్ ఏఎంజీ వారు పొగకై వేచియుండక ఒక చిన్న విద్యుత్ మోటారుతోనే చక్రమును త్రిప్పు ఏర్పాటు చేసిరి. సూపర్ చార్జరుకు అమెరికా వారి పెద్ద వి8 ఇంజనులపై మక్కువ తగ్గలేదు. 2015 నమూనా డాడ్జ్ హెల్‌క్యాట్ కారు దానితో 707 అశ్వశక్తి నిచ్చినది.

మా అభిప్రాయము చెప్పవలసివచ్చిన, మలుపులదారి మీద పాదమునకు వెంటనే బదులు పలుకు కారు కోరువారికి సూపర్ చార్జరు తగును. పెట్రోలు ఖర్చు లెక్కచూచుచు దూరప్రయాణములు చేయువారికి టర్బో మేలు. దానిలోను పెద్ద చక్రముకై ఆశపడరాదు, చిన్న చక్రము త్వరగ మేల్కొనును. ఏదైనను నొక్కిన గాలి వేడెక్కును. వేడిగాలి ఇంజనులో టకటక శబ్దముతో అకాల దహనము కలిగించి పిస్టనులను చెడగొట్టును. అందుచే గాలిని చల్లార్చు ఇంటర్ కూలరు, తగిన బ్రేకులు, క్లచ్చి లేక దీనిని తలపెట్టరాదు. మన దేశమున తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అనుమతింపదు గనుక, మెకానిక్కు మాట విని పాతకారుకు బిగించుకొనుట కన్న ఫాక్టరీలోనే బిగించి వచ్చిన దానిని కొనుట క్షేమము.

టర్బో కారు గలవారికి ఇంకొక మాట. ఘాటు ఎక్కి ఆగిన వెంటనే ఇంజను ఆర్పవద్దు. ఎఱ్ఱగ కాగిన ఇరుసు చుట్టును నూనె ప్రసారము నిలిచి, అచట మాడి గట్టిపడును. ఒకటి రెండు నిమిషములు మెల్లగ తిరుగనిచ్చి అటుపిమ్మట తాళము త్రిప్పవలెను.