ప్రైవేటు బడిలో మన అయివారు

దళిత ఉద్యమం రిజర్వేషన్ల గురించి మాట్లాడింది. హాస్టళ్ల గురించి మాట్లాడింది. స్కాలర్‌షిప్పుల కోసం రోడ్డెక్కింది. ప్రైవేటు బడిలో పాఠం చెప్పుకుని బతికే మన పిల్లల గురించి మాత్రం పెద్దగా మాట్లాడలేదు. వాళ్లని ఉద్యోగస్తుల కింద లెక్కెయ్యం, కూలీల కింద కూడా లెక్కెయ్యం. "ఏం చేస్తాండాడు మీవాడు?" అని అడిగితే "యాడో కాన్వెంటులో చెప్తాండాడు లేప్పా, డీఎస్సీ పడేదాకా" అంటారు ఇంట్లోవాళ్లు.

ఆ "పడేదాకా" అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ నియామకాలు జరిగింది 2025లో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకని వచ్చిన నోటిఫికేషన్ రద్దయిపోయింది. 2025లో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అంటే 2018లో బి.ఇడి. పూర్తి చేసిన మాదిగ పిల్లోడు ఏడేళ్లు యెక్కడో ఒకచోట తలదాచుకోవాలి. 1998 డీఎస్సీలో అర్హత పొందీ ఉద్యోగం దక్కనివాళ్ల సంగతి ఇంకా ఘోరం. వాళ్లకు ఉద్యోగాలివ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది 2022లో. అప్పటికి తలలు నెరిశాయి, కొందరు పోయారు కూడా. ఆ 24 ఏళ్లూ వాళ్లలో యెంతోమందికి కూడు పెట్టింది ప్రైవేటు బడే. కాబట్టి ఇది తాత్కాలికం అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ముందు ఒక తేడా చెప్పాలి. ప్రైవేటు బడులన్నీ ఒకటి కాదు. ఎయిడెడ్ బడిలో యాజమాన్యం ప్రైవేటుదైనా జీతం ప్రభుత్వానిది. జీతంతో పాటు రూల్సు, రోస్టరు వచ్చాయి, ఆ రోస్టరు పుణ్యాన కొందరు మనవాళ్లు కూడా ఆ బడుల్లో పర్మినెంటు అయ్యారు. 2021లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఎయిడ్‌నే వెనక్కి తీసుకునే పని మొదలుపెట్టింది. ఆ నవంబరులో అనంతపురం ఎస్.ఎస్.బి.ఎన్. కాలేజీ దగ్గర ఆందోళన చేసిన విద్యార్థుల మీద లాఠీలు ఆడిన సంగతి జిల్లా మరిచిపోలేదు. ఎయిడ్ లేని బడికి ఈ బాధలేవీ లేవు. అది పూర్తిగా స్వతంత్రం. ప్రభుత్వం పైసా ఇవ్వదు కాబట్టి ఉద్యోగాల్లో రిజర్వేషన్ అడిగే హక్కు మనకు లేదంటారు. రాజ్యాంగం 16(4) ప్రభుత్వ ఉద్యోగాలకే. 2005లో 93వ సవరణ తెచ్చిన 15(5) పిల్లల అడ్మిషన్లకే. 2009 విద్యాహక్కు చట్టం 25 శాతం సీట్లు పేదపిల్లలకని చెప్పింది గానీ, ఆ పిల్లలకు చెప్పే అయివారు ఏ కులం నుంచి రావాలన్న ఊసు ఎత్తలేదు. మాదిగ దండోరా 1994లో మొదలుపెట్టిన వర్గీకరణ పోరాటం 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో గెలిచింది. అయితే ఆ గెలుపు ప్రైవేటు బడి గేటు దగ్గరే ఆగిపోతుంది. లోపల పంచుకోవడానికి వాటానే లేనప్పుడు వాటాల లెక్క యెక్కడిది?

మా అనంతపురం సంగతికి వస్తాం. వానలో అడుగునుంచి లెక్కపెట్టాల్సిన జిల్లా. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే అదే గొప్ప, అదీ పడాల్సినప్పుడు పడదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసి పుట్టపర్తి కేంద్రంగా శ్రీసత్యసాయి జిల్లా పెట్టారు గానీ మబ్బులకు ఆ గీత తెలియదు. ఇక్కడ బడి ఫీజు కూడా శెనక్కాయ పంటలాగే నడుస్తుంది. జూన్‌లో బడి తెరిచినప్పుడు రైతు విత్తనాల కోసం అప్పు చేస్తుంటాడు. చేతికి నాలుగు డబ్బులొచ్చేది కాయ పెరికి కొట్టాక, నవంబరు డిసెంబరు నాటికి. పంట ఎండితే ఫీజు ఎండుతుంది. ఫీజు ఎండితే ముందు ఆగేది అయివారి జీతం. బస్సు కంతు ఆగదు, బిల్డింగు అద్దె ఆగదు. "కలెక్షన్ రాలేదు సార్, ఈ నెల సర్దుకోండి" అంటాడు కరస్పాండెంట్. భూమున్నవాడు కరువుకు నష్టపోతే పంటల బీమా అని ఒక మాటైనా వుంది. వాడి కొడుక్కి పాఠం చెప్పిన, సెంటు భూమి లేని అయివారు అదే కరువులో నష్టపోతే దానికి పేరు కూడా లేదు.

పన్నెండు నెలల పనికి పది నెలల జీతం ఇచ్చే బడులు చాలా వున్నాయి. ఎండాకాలం జీతం లేదు, పని మాత్రం వుంది. ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిరగాలి. ఒక్కొక్కరికి ఇంతమంది పిల్లల్ని తేవాలని లెక్క. మాలో కొందరు ఆ నెలల్లోనే ఉపాధి పనికి పోయి మట్టి తవ్వినోళ్లం. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టింది మా జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పుడెవరైనా అనుకున్నారో లేదో గానీ, బి.ఇడి. చదివిన అయివార్లకు అది ఎండాకాలపు జీతం అయింది. తట్ట మోస్తుంటే మా దగ్గర చదివే పిల్లోడి అవ్వ పక్కనే మోస్తా "అయ్యో సారూ, నువ్వేంది ఈడ" అంటే జవాబు లేదు.

కులం అడిగే తీరు వేరు. ఎవరూ కులం పేరెత్తరు. "ఏ వూరు?" అంటారు. చెప్తాం. "ఆ వూర్లో ఫలానా రెడ్డి తెలుసా?" తెలుసు. "మీ ఇల్లు ఏ పక్క?" ఇక్కడ దొరికిపోతాం. ఇంటిపేరు దగ్గర దొరక్కపోతే చర్చి దగ్గర దొరుకుతాం, అక్కడా దొరక్కపోతే "సద్దిలో కూరేం తెచ్చినావు" దగ్గర. దొరికినాక ఉద్యోగం ఇవ్వరని కాదు. ఇస్తారు, తక్కువకి ఇస్తారు. పెద్ద తరగతుల లెక్కలు, సైన్సు చేతికి రావు. డ్రిల్లు, సోషలు, చిన్న తరగతుల స్టడీ అవర్లు వస్తాయి. ఎస్సీ కాలనీలో అడ్మిషన్లు తేవాల్సొచ్చినప్పుడు మాత్రం మేమే ముందు. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి డబ్బు ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకు కూడా వచ్చింది. దాంతో మన వాడలు కరస్పాండెంట్ల కంటికి ఆనినాయి. ఆ వాడ మనిషి స్టాఫులో వుండడం అప్పుడు లాభం.

1918లో అంబేడ్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరినప్పుడు, స్టాఫ్ గదిలో వుండే కుండలో నీళ్లు ఆయన తాగడానికి లేదని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. అది సర్కారు కాలేజీ, ఆయన కొలంబియాలో చదివొచ్చినవాడు. ఇప్పుడు స్టాఫ్ గదుల్లో కుండ లేదు, ఎవరి బాటిల్ వాళ్లది. కాబట్టి అంటరానితనం లేదంటారు. మాలో ఒకరు పనిచేసిన బడిలో గదులూడ్చే ఆయమ్మ ఆయనకు వరసకు చిన్నమ్మ. వాడలో "తిన్నావా నాయనా" అని అడిగే మనిషి బడిలో "సార్" అని పక్కకు జరిగేది. రెండేళ్లు ఒకర్నొకరు ఎరగనట్టే గడిపారు. తను మాట్లాడితే పిల్లోడి కులం బయటపడుతుందని ఆమే ముందు జాగ్రత్త పడింది, ఆయన అడగలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయనకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

ఇక చట్టం. ఇక్కడ కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాం, ఎందుకంటే మనవాళ్లకు ఎక్కువ నష్టం తెలియకపోవడం వల్లే జరుగుతోంది.

1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, టీచరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద "వర్క్‌మన్" కాదని తేల్చింది. చదువు చెప్పడం ఉదాత్తమైన వృత్తి, అది కార్మికుడి పనిలాంటిది కాదని వాదన. 1996లో హర్యానా గుర్తింపులేని స్కూళ్ల కేసులో కనీస వేతనాల చట్టం కూడా టీచర్లకు వర్తించదంది. ఫలితం చూడండి. అదే బడిలో బస్సు డ్రైవరును తీసేస్తే లేబర్ కోర్టుకు పోగలిగాడు, అయివారు పోలేకపోయాడు. గౌరవం పేరుతో హక్కు తీసెయ్యడం మనకు కొత్తేం కాదు. 2025 నవంబర్ 21 నుంచి ఆ పాత చట్టాల స్థానంలో లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్‌లో "ఉద్యోగి" అన్న మాటకు అర్థం మునుపటికంటే విశాలంగా వుంది, సూపర్‌వైజరీ, అడ్మినిస్ట్రేటివ్ పనులు కూడా అందులో వున్నాయి. ఈ తలుపు అయివారికి తెరుచుకుంటుందా లేదా అన్నది పోట్లాడి తేల్చుకోవాల్సిందే.

గ్రాట్యుటీ విషయంలో పోట్లాట ఒకసారి గెలిచింది. 2004లో అహ్మదాబాద్ ప్రైవేటు ప్రైమరీ టీచర్ల కేసులో కోర్టు, టీచర్లకు గ్రాట్యుటీ రాదంది. సంఘాలు ఊరుకోలేదు. 2009లో పార్లమెంటు చట్టం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే టీచర్లకు గ్రాట్యుటీ వర్తిస్తుందని వెనకటి తేదీతో రాసింది. దాని మీద ప్రైవేటు స్కూళ్ల యజమానుల సమాఖ్య కోర్టుకెక్కితే 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టు కొట్టేసింది. లెక్క సులువే. నెల జీతాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది గ్రాట్యుటీ. తొమ్మిది వేల జీతంతో పదేళ్లు చేసిన మనిషికి దగ్గర దగ్గర 52 వేలు రావాలి. అడిగినవాళ్లు ఎందరు? అయిదేళ్లు నిండకముందే జూన్‌లో కొత్త ఆర్డరు రాసి సర్వీసును తెంపడం దీనికోసమే.

పీఎఫ్ చట్టం విద్యాసంస్థలకు 1982 నుంచీ వుంది. ఇరవై మంది పనిచేసేచోట వర్తిస్తుంది. టీచర్లే కాదు, ఆయమ్మలు, డ్రైవర్లు, క్లర్కులు అందరూ ఆ ఇరవైలో లెక్కే. ఒకే బడికి ప్రైమరీ అని ఒక పేరు, హైస్కూల్ అని ఒక పేరు పెట్టి పంతొమ్మిదీ పంతొమ్మిదిగా చూపించినా, ఒకే సంస్థకు చెందిన శాఖలన్నీ కలిపి ఒక్కటే అని ఆ చట్టంలోనే రాసి వుంది.

రాష్ట్రంలో 1982 విద్యాచట్టం వుంది. దాని 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడిలో కూడా విచారణ లేకుండా టీచర్ని తీసెయ్యడానికి లేదు. 1994 జనవరి 1 నాటి జీ.వో. నెం. 1, వసూలైన ఫీజులో 50 శాతం జీతాలకు, 15 శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమాలాంటి సిబ్బంది సంక్షేమానికి పెట్టాలనీ, యాజమాన్యం 5 శాతం మాత్రమే తీసుకోవాలనీ చెప్పింది. కాగితం మీద ఇంత మంచి రూలు వున్న సంగతి చాలామంది అయివార్లకు తెలియదు. కరస్పాండెంట్లకు బాగా తెలుసు, అందుకే రిజిస్టరులో ఒక అంకె మీద సంతకం పెట్టించుకుని చేతికి ఇంకొక మొత్తం ఇస్తారు. బ్యాంకులో వేస్తే కొంత తిరిగి నగదుగా అడుగుతారు. మధ్యలో మానకుండా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుంటారు. డీఎస్సీ వెరిఫికేషన్ రోజు ఆ సర్టిఫికెట్ల కోసం ఏడ్చినవాళ్లను మేము చూశాం.

కరోనాలో ఇదంతా బయటపడింది. 2020 మార్చిలో బడులు మూతబడ్డాక కూరగాయలమ్మినవాళ్లు, బెంగళూరుకు కూలికి పోయినవాళ్లు వున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. అది చాలదు, నిజమే. అయినా వాళ్లు వున్నారని ఒక సర్కారు ఒప్పుకున్నట్టయింది.

ప్రైవేటు బడి అంటేనే మనకు శత్రువని చెప్పడం లేదు. సర్కారు బడి మనల్ని గుమ్మం బయట కూర్చోబెట్టిన రోజుల్లో మిషనరీల బడులు మన తాతల్ని లోపలికి పిలిచాయి, వాళ్లలోంచే అయివార్లను చేశాయి. జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ వారి శిక్షణ పాఠశాలలో పాఠం చెప్పినవాడే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లలకు సొంతంగా బడులు పెట్టాడు. 1945లో అంబేడ్కర్ పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టాడు. మా జిల్లాలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన ఆర్.డి.టి. దళితవాడల్లో పొద్దునా సాయంత్రం నడిపే బడులు పెట్టింది. ఆ వాడలోనే చదువుకున్న పిల్లో పిల్లోడో అక్కడ అయివారు. జీతం అక్కడా గొప్పగా లేదు, ఆ మాట దాచనక్కర లేదు. కానీ కులం దాచుకుని పాఠం చెప్పాల్సిన పని లేదు. ఆ దీపాల కింద కూర్చున్న పిల్లలే బి.ఇడి.లు చేసి ఇప్పుడు టౌన్లలో కాన్వెంట్ల గేట్ల దగ్గర "ఏ వూరు?" అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటున్నారు.

ఉపాధ్యాయ సంఘాలు మనకు చాలానే వున్నాయి. వాటి మెంబర్‌షిప్ పుస్తకాలు సర్కారు టీచర్ల కోసమే అచ్చయినట్టుంటాయి. దళిత ఉద్యోగ సంఘాలూ అంతే, రోస్టరున్న చోటే వాళ్ల బోర్డు కనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య పడిపోయిన మనిషి దగ్గర ఇవైనా వుండాలని మా సలహా: అపాయింట్‌మెంట్ ఆర్డరు నకలు, ఇవ్వకపోతే ఏ తేదీన చేరామో తెలిపే ఏదైనా కాగితం, హాజరు రిజిస్టరులో మన పేరున్న పేజీ ఫోటో, జీతం పడిన బ్యాంకు పుస్తకం, పీఎఫ్ నెంబరు. ఒరిజినల్స్ అడిగితే నకళ్లు ఇచ్చి, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి. తప్పక ఇవ్వాల్సొస్తే అందినట్టు సంతకం తీసుకోవాలి. పీఎఫ్ గురించి అడగడానికి ఒక్కరే పోవద్దు. ఆయమ్మల్ని, డ్రైవర్లను కలుపుకుని పోండి, ఇరవై లెక్కలో వాళ్లూ వున్నారు.