స్కానర్‌కు దూరమైన ఫొటోషాప్

అడోబ్ ఫొటోషాప్‌లో ఒకప్పుడు ఫైల్ మెనూలోని ఇంపోర్ట్ నొక్కితే స్కానర్ పేరు కనిపించేది. 1992లో వచ్చిన ట్వెయిన్ ప్రమాణం ఈ రెంటినీ కలిపేది. 2008 నాటి సీఎస్4 నుంచి ట్వెయిన్ ప్లగిన్ ఫొటోషాప్‌తో పాటు ఇన్‌స్టాల్ కావడం ఆగిపోయింది; కావలసినవారు విడిగా చేర్చుకోవాల్సి వచ్చింది.

అసలు చిక్కు 64 బిట్లకు మారడంలో ఉంది. 64 బిట్ల ప్రోగ్రామ్ 32 బిట్ల డ్రైవర్‌ను నేరుగా తనలోకి తీసుకోలేదు. ఎన్నో పాత స్కానర్లకు కంపెనీలు కొత్త డ్రైవర్లు రాయనేలేదు. దాంతో అద్దం, దీపం, మోటారు అన్నీ బాగున్నా యంత్రం మూలన పడింది. పనిచేసే పరికరం ఇలా వృథా కావడం అన్యాయమే.

అయితే స్కానింగ్‌కు ఫొటోషాపే అక్కర్లేదు. విండోస్‌లో ఫ్యాక్స్ అండ్ స్కాన్, మ్యాక్‌లో ఇమేజ్ క్యాప్చర్ ఆ పని చేస్తాయి. తయారీదారులు వదిలేసిన మోడళ్లను చాలావరకు వ్యూస్కాన్ అనే ప్రోగ్రామ్ సొంత డ్రైవర్లతో నడిపిస్తుంది. తాతల నాటి ఫొటోలను స్కాన్ చేసి టిఫ్ ఫైళ్లుగా దాచి, తర్వాత ఫొటోషాప్‌లో తెరవడం మేలు. జేపెగ్‌గా దాస్తే, దాన్ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది.